గిరీశము: దోషములు గల నాయకుడు

పాశ్చాత్య చిత్రములలోని దుర్గుణములు గల నాయకునిపై పిల్లలు మోజుపడుచున్నారని తిరుత్తణి, తిరువళ్లూరు తల్లిదండ్రులు కొందరు మాతో అనుచుందురు. అట్టివాడు మనకు క్రొత్త కాడు. గురజాడవారి ‘కన్యాశుల్కము’ 1892లో తొలుత ప్రదర్శింపబడెను, 1955లో పి. పుల్లయ్యగారు చిత్రముగా తీయగా ఎన్.టి. రామారావుగారు గిరీశము వేషము ధరించిరి. గిరీశము నోట వితంతూద్ధరణము, మనస్సున బుచ్చమ్మయు, ఆమె ఆస్తియు. అయినను వాని మాటకారితనమునకు మనము నవ్వకుండలేము. చిక్కంతయు అందే యున్నది.

ఉపాధ్యాయులమగు మాకు శిష్యుడు వెంకటేశమే ముఖ్యుడు. వాడు గురువువద్ద నేర్చినది చుట్ట కాల్చుట. తల్లి ఇంగ్లీషు వినగోరగా ఇద్దరును పద్యములు, రేఖాగణితము కలిపి అప్పగించిరి. ఇంటివారికి ఒక్క ముక్కయు బోధపడలేదు. పిల్లల తెలుగు పాఠమును చదువలేని తల్లిదండ్రులు మనలోను కలరు. ఈ వేసవిలో ఆ నాటకమును వారిచేత బిగ్గరగా చదివించి, ఎచ్చట, ఎందుకు నవ్విరో అడుగుడు. విజయనగరపు వాడుకమాటలు కొన్ని మన ప్రాంతమున తెలియవు. అవి మేము చెప్పెదము.