అల్యూమినియం తుప్పు పట్టదా?

మేము బడికి వచ్చే బస్సులో మెట్ల పక్కన, నీలం రంగు కింద చిన్న చిన్న బుడిపెలు లేచాయి. వేలితో నొక్కితే రంగు పెచ్చులా ఊడి, లోపలి నుంచి సున్నంలాంటి తెల్లటి పొడి రాలేది. ఎవరమూ పెద్దగా పట్టించుకోలేదు. వేసవి సెలవుల్లో ఆ చోట లప్పం పెట్టి రంగు వేశారు. బస్సు కొత్తదానిలా మెరిసింది. వానాకాలం ముగిసేసరికి అక్కడే మళ్లీ బుడిపెలు వచ్చాయి. ఒకరోజు మూడో తరగతి పాప దిగుతుంటే, రంగు కింద కాగితంలా పలచబడిన రేకు అంచు ఆమె పిక్కకు గీసుకుపోయింది. ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ చేయించవలసి వచ్చింది.

ఆ రేకు ఇనుము కాదు, అల్యూమినియం. "అల్యూమినియం తుప్పు పట్టదు కదా, మరి ఇదేమిటి?" అని మాలో ఒకరు అడిగారు. జవాబు కోసం పుస్తకాలు చూశాం, బస్సుల బాడీ కట్టే మేస్త్రి గారిని అడిగాం, ప్రయోగశాలలో మూడు గాజు గ్లాసులతో ఒక ప్రయోగం చేశాం. తెలుసుకున్నది మీకు చెబుతున్నాం.

కంటికి కనిపించని కవచం

మన ఇళ్లలో "సిల్వరు గిన్నె" అనేది నిజానికి వెండి గిన్నె కాదు, అల్యూమినియం గిన్నె. ఏళ్ల తరబడి నీళ్లలో నానినా అది ఇనప మూకుడులా ఎర్రబడదు. పదో తరగతి రసాయన శాస్త్రంలో లోహాల చర్యాశీలత శ్రేణి చదివినప్పుడు ఇది మాకు వింతగా అనిపించింది. ఆ శ్రేణిలో అల్యూమినియం ఇనుము కంటే పైన ఉంటుంది. అంటే ఇనుము కంటే చురుకైన లోహం. అలాంటప్పుడు ఇంకా త్వరగా పాడవ్వాలి కదా?

పాడవకపోవడానికి కారణం ఆ చురుకుదనమే. అల్యూమినియం గాలి తగిలిన వెంటనే ఆక్సిజన్‌తో కలిసి, తన మీద తానే అల్యూమినియం ఆక్సైడ్ పొరను కప్పుకుంటుంది. ఆ పొర మందం కొన్ని నానోమీటర్లే. అయినా లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని, గాలినీ నీటినీ లోపలికి పోనివ్వదు. గీత పడితే వెంటనే మళ్లీ ఏర్పడుతుంది. ఇనుము తుప్పు ఇలా కాదు. అది పెళుసుగా పెచ్చులు ఊడి, లోపలి ఇనుమును మళ్లీ గాలికి అప్పగిస్తుంది.

అల్యూమినియంలో ఇంకో సుగుణం తేలికదనం. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు, ఉక్కుది సుమారు 7.85 గ్రాములు. అందుకే మన దేశంలో చాలా బస్సులకు ఉక్కు చట్రం కట్టి, దానిపై అల్యూమినియం రేకులు రివెట్లతో బిగిస్తారు. 1948లో బ్రిటన్‌లో ల్యాండ్ రోవర్ వాహనం వచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి. యుద్ధం తర్వాత అక్కడ ఉక్కు కొరతగా ఉండేది. అందుకని ఉక్కు చట్రం మీద అల్యూమినియం, మెగ్నీషియం కలిసిన మిశ్రలోహపు రేకులు వాడారు. ఆ పాత వాహనాలను ఇష్టంగా దాచుకునేవారికి ఒక సంగతి బాగా తెలుసు. రేకు మధ్యలో బాగానే ఉంటుంది, ఉక్కును ఆనుకున్న అంచుల దగ్గరే తినేస్తుంది. మా బస్సులోనూ అదే జరిగింది.

కవచం ఎక్కడ ఓడిపోతుంది?

ఆ ఆక్సైడ్ పొరకు మూడు బలహీనతలు ఉన్నాయి.

మొదటిది ఉప్పు. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు పొరను అక్కడక్కడ ఛేదించి, లోహంలో సూది బెజ్జాల్లాంటి గుంటలు చేస్తాయి. అమ్మమ్మలు ఆవకాయను సిల్వరు గిన్నెలో కాకుండా జాడీలో పెట్టడంలో ఎంత రసాయన శాస్త్రం ఉందో ఇప్పుడు అర్థమైంది.

రెండోది ఘాటైన ఆమ్లాలు, క్షారాలు. పీహెచ్ విలువ సుమారు 4 నుంచి 8.5 వరకు ఉన్నంతవరకు పొర నిలకడగా ఉంటుంది. బట్టల సోడా కలిపిన నీళ్లు ఈ హద్దు దాటిపోతాయి.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది, వేరే లోహంతో స్నేహం. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ, రెండింటినీ కలుపుతూ ఉప్పునీరు ఉంటే అది ఒక చిన్న విద్యుత్ ఘటం అవుతుంది. ఎక్కువ చురుకైన లోహం ఎలక్ట్రాన్లు వదులుతూ కరిగిపోతుంది. ఉక్కు, అల్యూమినియం జంటలో నష్టపోయేది అల్యూమినియమే. ఒక్కో పరమాణువు 3 ఎలక్ట్రాన్లు వదిలి, చివరకు అల్యూమినియం హైడ్రాక్సైడ్ అనే తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడి పోయిన లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే అది రంగును కింద నుంచి పైకి లేపుతుంది. మేము చూసిన బుడిపెలు అవే.

మా మూడు గ్లాసులు

మూడు గ్లాసుల్లోనూ ఒక్కో చెంచా ఉప్పు కలిపిన నీళ్లు పోశాం. మొదటి దానిలో అల్యూమినియం ఫాయిల్ ఒక్కటే వేశాం. రెండో దానిలో ఫాయిల్‌కు రాగి తీగను గట్టిగా చుట్టి వేశాం. మూడో దానిలో ఫాయిల్, రాగి తీగ రెండూ ఉంచాం, కానీ ఒకదానికొకటి తగలనివ్వలేదు. పది రోజులకు మొదటి, మూడో గ్లాసుల్లో ఫాయిల్ కొంచెం మెరుపు తగ్గింది, అంతే. రెండో గ్లాసులో తీగ చుట్టిన చోట ఫాయిల్ చిల్లులు పడింది, అడుగున తెల్లటి మడ్డి చేరింది. మూడో గ్లాసులోని ఫాయిల్‌కూ రాగికీ మల్టీమీటరు తీగలు తగిలిస్తే సుమారు అర వోల్టు చూపించింది.

దీన్నిబట్టి మాకు ఒక సూత్రం దొరికింది. ఈ నష్టానికి మూడు కావాలి: రెండు వేరు లోహాలు, వాటి మధ్య స్పర్శ, తేమ. మూడింటిలో ఏ ఒక్కటి తీసేసినా నష్టం ఆగుతుంది.

మేస్త్రి గారి షెడ్డులో

ఒక శనివారం బస్సును షెడ్డుకు తీసుకెళ్లారు. మేము దూరంగా నిలబడి చూశాం. రేకు విప్పగానే కథంతా బయటపడింది. నీళ్లు కారిపోవడానికి అడుగున ఉంచిన రంధ్రం బురదతో మూసుకుపోయింది. రేకుకూ ఉక్కు చట్రానికీ మధ్య ఏ అడ్డూ లేదు. పాత మరమ్మతులో ఎవరో ఊడిన రివెట్ల స్థానంలో ఇత్తడి మరలు బిగించారు. ఇత్తడిలో ఉండేది ఎక్కువగా రాగే. ఆ మరల చుట్టూ రేకు జల్లెడలా అయింది. లప్పం కింద తేమా ఉప్పూ అలాగే ఉండిపోయాయి. రంగు వేసి జబ్బును దాచారు గాని నయం చేయలేదు.

మేస్త్రి గారు చేసిన పని వరుస ఇది.

1. తెల్ల పొడి, రంగు, లప్పం అన్నీ గీకి, మెరిసే లోహం కనిపించేదాకా శుభ్రం చేశారు. ఇనుము మీద వాడిన బ్రష్షును ముట్టుకోలేదు. దానికి అంటిన ఇనుప రేణువులు అల్యూమినియంలో గుచ్చుకుని కొత్త ఘటాలు తయారుచేస్తాయి. నైలాన్ బ్రష్షు, కొత్త ఎమరీ కాగితం వాడారు.
2. చిల్లులు పడిన భాగాన్ని కోసేసి, అదే రకం అల్యూమినియం ముక్క వేశారు. చిల్లును లప్పంతో పూడ్చలేదు.
3. నూనె, దుమ్ము పోయేలా తుడిచి, ఆలస్యం చేయకుండా అల్యూమినియానికి పట్టే ప్రైమర్ వేశారు.
4. ఉక్కు చట్రం తుప్పు గీకి, దానికీ ప్రైమర్ వేసి, రెండు లోహాల మధ్య రబ్బరు పట్టీ పెట్టారు. ఇత్తడి మరలు తీసేసి అల్యూమినియం రివెట్లు కొట్టారు.
5. అతుకుల్లోకి నీరు దిగకుండా సీలెంట్ పూసి, చివరగా రంగు వేశారు. అడుగు రంధ్రం తెరిచారు.

ఈ పని పిల్లలు చేయకూడదు. సన్నని అల్యూమినియం ధూళి గాలిలో నిప్పురవ్వ తగిలితే పేలగలదు. ఇనుప తుప్పు ధూళితో కలిస్తే మరీ ప్రమాదం. అందుకే ఆ రెండు పనులకూ చోటూ పనిముట్లూ వేరుగా ఉంచుతారు.

మనం చేయగలిగింది

మనలో చాలామందిమి రెండు మూడేళ్లకొకసారి ఊరు మారేవాళ్లమే. సామానుతో పాటు బండి కూడా మనతో వస్తుంది. జోధ్‌పూర్ పొడి గాలిలో ఏళ్ల తరబడి చెక్కుచెదరని అతుకు, విశాఖపట్నం ఉప్పుగాలిలో ఒకటి రెండు వానాకాలాల్లో తేలిపోవచ్చు. లోహం మారలేదు, తేమా ఉప్పూ చేరాయి. కాబట్టి సముద్రం ఒడ్డు ఊరికి బదిలీ అయితే ఇంట్లో పెద్దలకు ఈ మాటలు గుర్తుచేయండి. వాహనం అడుగు భాగాన్ని తరచూ మంచినీళ్లతో కడగాలి. సోడా నీళ్లు వద్దు, మామూలు వాహన షాంపూ చాలు. నీరు కారే రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి. రంగు మీద గీత పడితే చిన్నదే కదా అని వదలకూడదు. తడిసిన కాలిపట్టా కింద నీరు నిలవనివ్వకూడదు. బుడిపె కనిపిస్తే రంగు వేయించే ముందు, దాని వెనక ఏముందో విప్పి చూడమనాలి.

మా బస్సు మెట్ల పక్కన ఇప్పుడు కొత్త రేకు ఉంది. పాప మళ్లీ ఆ మెట్ల మీదుగానే దిగుతోంది. మేము నెలకొకసారి ఆ అంచును వేలితో తడిమి చూస్తున్నాం.

ఆలోచించండి

1. మా రెండో గ్లాసులో నీళ్లకు బదులు పొడి ఇసుక పోసి ఉంటే ఏమయ్యేది? మూడు షరతుల్లో ఏది లోపిస్తుంది?
2. పెద్ద ఉక్కు రేకుకు చిన్న అల్యూమినియం రివెట్, పెద్ద అల్యూమినియం రేకుకు చిన్న ఉక్కు మర. ఈ రెండింటిలో ఏ అల్యూమినియం త్వరగా కరిగిపోతుంది? నష్టం ఎంత చోటు మీద పంచుకోబడుతుందో ఆలోచిస్తే జవాబు దొరుకుతుంది.
3. మీ ఇంట్లో, బడిలో రెండు వేర్వేరు లోహాలు తగులుతూ తడిసే చోట్లు ఎన్ని ఉన్నాయో వెతికి జాబితా రాయండి.