గాలి, ఎండ... మధ్యలో నల్లకోటు

2019 జులై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 63 ఇచ్చింది. పవన, సౌర విద్యుత్ కంపెనీలతో అంతకుముందు కుదిరిన కొనుగోలు ఒప్పందాల్లో ధరలు ఎక్కువగా ఉన్నాయంటూ, వాటిని తగ్గించే సంప్రదింపులకు కమిటీ వేసింది. కొద్ది రోజులకే విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) లేఖలు కంపెనీలకు అందాయి. పవన విద్యుత్‌ను యూనిట్ రూ.2.43కు, సౌర విద్యుత్‌ను రూ.2.44కు ఇవ్వాలన్నది వాటి సారాంశం.

కంపెనీలు హైకోర్టుకెక్కాయి. సెప్టెంబరులో సింగిల్ జడ్జి జీవోను కొట్టేశారు. అయితే విద్యుత్ నియంత్రణ మండలి, అంటే ఈఆర్‌సీ, తేల్చేదాకా తగ్గించిన ధరే చెల్లించమన్నారు. గెలిచినా చేతికి డబ్బు రాని గెలుపు అది! 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ ఆ మధ్యంతర ఏర్పాటును పక్కనపెట్టి, ఒప్పందం ధర ప్రకారం బకాయిలను ఆరు వారాల్లో తీర్చాలంది.

కేసు నడిచినంత కాలం కంపెనీల బ్యాంకు కిస్తీలు ఆగవు. అటు డిస్కం వాదననూ తేలిగ్గా తీసేయలేం. పాతికేళ్ల ఒప్పందంలో ఒక్కో పైసా ఎక్కువైతే చివరికి అది వినియోగదారుడి బిల్లులోకే వస్తుంది. ఈ రెండు వాదనల్లో దేనికైనా వకాల్తా పుచ్చుకోగలిగినవాడే పునరుత్పాదక ఇంధన రంగపు లాయరు.

ఇక్కడ వాగ్ధాటికన్నా లెక్క ముఖ్యం. ప్లాంటు ఖర్చెంత, వడ్డీ ఎంత, ఏడాదికి ఎన్ని యూనిట్లు వస్తాయి... ఎక్సెల్ షీటు చూసి బెదిరేవారికి ఈ దారి కష్టమే. ఇక చట్టానికొస్తే, 2003 విద్యుత్ చట్టమే మూలగ్రంథం. 62వ సెక్షన్ కింద ఈఆర్‌సీయే ధర లెక్కగడుతుంది. 63 కింద పోటీ బిడ్డింగులో తేలిన ధరను ఆమోదిస్తుంది. రాష్ట్ర ఈఆర్‌సీ ఉత్తర్వు నచ్చకపోతే 111 కింద ఢిల్లీలోని విద్యుత్ అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు, అక్కడి నుంచి 125 కింద సుప్రీంకోర్టుకు వెళ్లాలి. గ్రిడ్ పేరు చెప్పి సౌర, పవన విద్యుత్‌ను ఆపేస్తే పరిహారం సంగతేమిటన్నది 2021 నాటి ‘మస్ట్ రన్’ రూల్స్‌లో ఉంది. ఫ్యాక్టరీ నేరుగా సోలార్ కరెంటు కొనుక్కోవాలంటే 2022 గ్రీన్ ఓపెన్ యాక్సెస్ రూల్స్ చదవాలి.

కరెంటు చట్టమొక్కటే చాలదు. రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేక పక్షి కోసం వేసిన ఎం.కె. రంజిత్‌సింహ్ కేసులో, 2021లో విద్యుత్ లైన్లను భూగర్భంలో వేయాలన్న సుప్రీంకోర్టు 2024లో ఆ ఉత్తర్వును సవరించి నిపుణుల కమిటీకి అప్పగించింది. పక్షుల కోసం వేసిన పిటిషన్ అక్కడి సోలార్ ప్రాజెక్టుల లైన్లను కదిలించింది మరి.

తెలుగు విద్యార్థికి అసలు అనుకూలత మరోచోట ఉంది: భూమి. అనంతపురం, కడప, నంద్యాల, కర్నూలు జిల్లాల్లో ప్రాజెక్టు పెట్టే కంపెనీకి వందల ఎకరాలు కావాలి. అప్పిచ్చే బ్యాంకుకు టైటిల్ రిపోర్టు కావాలి. అడంగల్, 1బీ, ఈసీ వంటి భూమి పత్రాలు చదివి, అందులో అసైన్డ్ భూమి ఉందా, 1977 అసైన్డ్ భూముల చట్టం దాని బదిలీని అడ్డుకుంటుందా, నిషేధిత జాబితాలో ఉందా అని చెప్పగల లాయరు ముంబయి కార్పొరేట్ సంస్థల్లో సులభంగా దొరకడు. రైతుల తరఫున లీజు పత్రం చూసిపెట్టేవారు ఇంకా తక్కువ. అద్దె పెంపు నిబంధన, ప్యానెళ్లు తీసేశాక భూమి ఏ స్థితిలో తిరిగివ్వాలన్న షరతు, ఇవి సంతకానికి ముందు చూడాల్సినవి.

లాసెట్ రాసి మామూలు లా కాలేజీలో చేరినవారికీ ఈ రంగంలోకి దారి మూసుకుపోలేదు. క్లాట్ రాసేవారికైతే హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం అందుబాటులో ఉన్నాయి. డెహ్రాడూన్‌లోని యూపీఈఎస్ ఎనర్జీ లా స్పెషలైజేషన్ నడుపుతోంది. అయితే ఫీజు లేని తరగతి ఒకటుంది. టారిఫ్ ప్రతిపాదనలపై ఈఆర్‌సీలు బహిరంగ విచారణలు జరుపుతాయి. ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించాకే ఉత్తర్వు ఇవ్వాలని 64వ సెక్షన్ చెబుతోంది. విద్యార్థి వెళ్లి వినొచ్చు, అభ్యంతరం రాసిపెట్టొచ్చు. ఇంటర్న్‌షిప్ దరఖాస్తుకు ఆ కాగితమే జతచేస్తే ఇంకా మంచిది.

మొదటి రెండు మూడేళ్లు సీనియర్ ఆఫీసులో ఫైళ్లు మోయక తప్పదు. డిస్కంల లీగల్ విభాగాలు, డెవలపర్ కంపెనీలు, రుణసంస్థలు ఆ తర్వాతి మెట్లు. ఇప్పుడు నంద్యాల జిల్లా పిన్నాపురంలో లాగా సౌర, పవన విద్యుత్, కరెంటును నిల్వచేసే పంప్డ్ స్టోరేజీ ఒక్కచోట కలుస్తున్నాయి. నిల్వచేసిన కరెంటు ఆలస్యంగా వస్తే ఎవరి బాధ్యత అనే వివాదాల్లో సీనియర్లకు సైతం పాత తీర్పుల ఊతం తక్కువే.