ఫిల్టరుకూ ఒక గూడు కావాలి

మా నాయుడుపేట నుంచి సూళ్లూరుపేట వైపు వెళ్తుంటే దొరవారిసత్రం మండలంలో నేలపట్టు అనే ఊరు ఉంది. అక్కడి చెరువులో నీటి మధ్య నిలిచిన చెట్ల మీద ఏటా చలికాలంలో గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. ఒక జనవరి ఉదయం వాటిని ఫోటో తీద్దామని వెళ్లాను. నీటి మీది తళతళ తగ్గడానికి ఒక ధ్రువణ ఫిల్టరు కూడా పట్టుకెళ్లాను. దుకాణాలలో దీనినే పోలరైజర్ అంటారు.

ఆ ఫిల్టరును పెట్టెలో పెట్టకుండా జేబులో వేసుకోవడమే నేను చేసిన తప్పు. తీసి చూసేసరికి గాజు మీద వెంట్రుకల వంటి గీతలు! ఎండకు ఎదురుగా తీసిన ఫోటోలన్నీ తెల్లగా మసకబారాయి. పక్షులు మరుసటి ఏడు మళ్లీ వస్తాయి గాని, ఆ ఉదయం మళ్లీ రాదు కదా!

జేబులో ఇత్తడి తాళంచెవి కూడా ఉంది. గీతలు పెట్టింది అదేనని మీరంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజమేమిటో చూద్దాం.

గీసింది ఎవరు?

ఖనిజాల కాఠిన్యాన్ని మోస్ అనే శాస్త్రజ్ఞుడి పేరుమీద ఉన్న స్కేలుతో పోలుస్తారు. అందులో ఇత్తడిది సుమారు 3, గాజుది సుమారు 5.5. మెత్తని వస్తువు గట్టిదానిని గీయలేదు. కాబట్టి తాళంచెవి నిర్దోషి. మరి దోషి ఎవరు? జేబు మూలలో దాగిన ఇసుక రేణువు. మా స్వర్ణముఖి ఇసుకలో గాని, రోడ్డు దుమ్ములో గాని ఎక్కువగా ఉండే ఖనిజం క్వార్ట్జ్. దాని కాఠిన్యం 7.

అందువల్ల దుమ్ము పడిన ఫిల్టరును చొక్కా అంచుతోనో, పైట కొంగుతోనో తుడవకూడదు. అలా తుడిస్తే ఇసుకతో గాజును రుద్దినట్లే. పైగా మంచి ఫిల్టర్ల మీద కాంతి పరావర్తనాన్ని తగ్గించే పలుచని పూత ఉంటుంది. పూతలేని గాజు ఒక్కొక్క తలం వద్ద సుమారు 4 శాతం కాంతిని వెనక్కు పంపుతుంది. మెగ్నీషియం ఫ్లోరైడు వంటి పదార్థంతో వేసే ఆ పూత మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు మాత్రమే. దానిని గరుకుగా రుద్దితే ఏమవుతుందో మీరే ఊహించండి. ముందు రబ్బరు బుడ్డితో గాలి ఊది దుమ్ము పోగొట్టాలి. తరువాత మెత్తని కుంచెతో దులపాలి. చివరగా, ఇంకా అవసరమైతేనే, శుభ్రమైన మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి.

కనిపించని శత్రువు తేమ

ఈశాన్య రుతుపవనాల కాలంలో మా ప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ. పులికాట్ సరస్సు, సముద్రం దగ్గరే కాబట్టి ఉప్పు కూడా తోడవుతుంది. సాపేక్ష ఆర్ద్రత చాలా రోజులు 60, 70 శాతం దాటి ఉండి, గాలి, వెలుతురు తగలకపోతే గాజు మీద కూడా బూజు పెరుగుతుంది. వేలిముద్రలోని జిడ్డు, దుమ్ము దానికి ఆహారం. అది విడిచే ఆమ్లాలు పూతను, గాజును తినివేస్తాయి. తరువాత ఎంత తుడిచినా ఆ మచ్చ పోదు.

తోలు సంచి చూడటానికి బాగుంటుంది గాని తేమను పీల్చుకుంటుంది. ఎక్కువ కాలం దాచడానికి అది పనికిరాదు. బియ్యపు డబ్బాలో దాస్తే తవుడు, పిండి అంటుకుంటాయి. బట్టల బీరువాలో వేసే నాఫ్తలీన్ ఉండలు అసలే వద్దు. అవి ఉత్పతనం చెందుతాయని మీరు చదువుకున్నారు కదా! ఆ ఆవిరి గాజు మీద తిరిగి పేరుకోవచ్చు.

బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లం, ఈ రెండూ చాలు. తేమ నిండిందని తెలిపేందుకు కొన్ని సిలికా జెల్ గుళికలు రంగు మారుతాయి. నీలం గుళికలు గులాబీరంగుకు వస్తే వాటి పని అయిపోయినట్లే. నీలిరంగు ఇచ్చే కోబాల్టు క్లోరైడు ఒంటికి హానికరం. కాబట్టి పొట్లం విప్పవద్దు, వంటగిన్నెలో వేడిచేయవద్దు, కొత్తది పెట్టండి.

చలువ గది నుంచి బయటికి వచ్చినప్పుడు

గాలి 30 డిగ్రీల సెల్సియస్, ఆర్ద్రత 80 శాతం ఉన్నప్పుడు సుమారు 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీరు పడుతుంది. ఈ ఉష్ణోగ్రతనే తుషార స్థానం అంటారు. 22 డిగ్రీల ఏసీ బస్సు నుంచి దిగగానే ఫిల్టరు బయటికి తీస్తే చెమట పట్టినట్లు తడుస్తుంది. దిగకముందే దానిని పాలిథిన్ సంచిలో పెట్టి మూతి బిగించండి. బయటి వేడికి వచ్చేదాకా విప్పకండి. నీటి బొట్లు సంచి మీద పడతాయి, గాజు మీద కాదు.

వేడీ మంచిది కాదు. ధ్రువణ ఫిల్టరులో రెండు గాజు పలకల మధ్య పలుచని పొర ఉంటుంది. ఎండలో ఆపిన కారులో వదిలేస్తే ఆ పొర చెడిపోవచ్చు.

ఒక్కొక్క దానికి ఒక్కొక్క గది

రెండు ఫిల్టర్లను ఒకే సంచిలో విడిగా వేయకూడదు. ఒకదాని అంచు మరొకదాని గాజుకు తగులుతుంది. ఒక్కొక్కదానికి మెత్తని లోపొర ఉన్న పెట్టె ఉండాలి. మూత మీద పేరు, 52, 67 అంటూ వ్యాసం మిల్లీమీటర్లలో రాసి అంటిస్తే, పక్షి ఎగిరే వేళ వెతుకులాట ఉండదు. పట్టుకునేటప్పుడు అంచునే పట్టుకోవాలి.

కటకానికి బిగుసుకుపోతే బలంగా నొక్కి తిప్పవద్దు. రెండు వేళ్లతో నొక్కితే గుండ్రని వలయం కొద్దిగా కోడిగుడ్డు ఆకారానికి వచ్చి మరలు ఇంకా పట్టేస్తాయి. అంచు చుట్టూ రబ్బరు బ్యాండు వేసి, తేలికగా అన్నివైపులా పట్టుకుని తిప్పండి.

ఫోటో పోతే పోయింది, కన్ను పోతే?

సూర్యుని ఫోటో తీసే ఫిల్టరు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అది కాంతిని సుమారు లక్షవ వంతుకు తగ్గిస్తుంది. ఆ పలుచని పొరను మడిచి పుస్తకాల మధ్య పెడితే మడత వద్ద సూదిమొన అంత రంధ్రం పడవచ్చు. దాని గుండా వచ్చే ఎండ కటకం వల్ల ఒకచోట చేరి కెమెరానే కాదు, దాని గుండా చూసే కంటినీ శాశ్వతంగా దెబ్బతీయగలదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నేటి తెలంగాణ మీదుగా సాగింది. 2031 మే 21న కంకణ గ్రహణం కేరళ, తమిళనాడుల మీదుగా సాగుతుంది, మనకు పాక్షికంగా కనిపిస్తుంది. నేడు దాచిన ఫిల్టరును ఆనాడు తీస్తే ముందుగా చీకటి గదిలో బల్బుకు అడ్డుపెట్టి చూడండి. ఒక్క మెరిసే చుక్క కనిపించినా పారవేయండి. సూర్యుని వైపు తిప్పి పరీక్షించకూడదు. పెద్దల సహాయం లేకుండా ఈ పని చేయకండి.

చేసి చూడండి

పనికిరాని గాజు సీసా ఒకటి తీసుకోండి. ముందు ఇత్తడి తాళంచెవితో గీయండి. కనిపించే గీత తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. అది సీసాకు అంటిన ఇత్తడే! ఇప్పుడు తడి ఇసుక వేసి గుడ్డతో రుద్దండి. ఆ గీతలు తుడిస్తే పోతాయా? జవాబు చూశాక మీ జేబు మూల ఒకసారి తిరగేసి చూసుకోండి.