పిల్లల ముందు నాలుగో శీలం

"తినకపోతే బూచోడొస్తాడు", "ఏడవకు, సాయంత్రం చాక్లెట్ తెస్తా". అలసిపోయినప్పుడు అమ్మానాన్నలం ఇలా అనేస్తుంటాం. మనం మర్చిపోతాం. బిడ్డ మాత్రం సాయంత్రం గుమ్మం దగ్గర ఎదురుచూస్తుంది.

రాహులునికి సత్యం బోధించేటప్పుడు బుద్ధ భగవానుడు బెదిరించలేదు. పాత్రలో మిగిలిన కొద్ది నీళ్లు చూపించాడు, పారబోశాడు, పాత్రను బోర్లించాడు. తెలిసీ అబద్ధమాడేందుకు సిగ్గుపడనివాని శ్రమణత్వం ఇలాగే ఖాళీ అన్నాడు. ఏ పనైనా చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక, అద్దంలో చూసుకున్నట్టు పరిశీలించుకోమన్నాడు.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో అబద్ధమాడననేదీ ఒకటి. దాని ఆచరణ ఇంట్లోనే మొదలవ్వాలి.

ఈ వారం ఆచరణ: ఇవ్వలేనిది ఇస్తాననకండి. ఓపిక లేకపోతే, "అలసిపోయాను కన్నా, కాసేపాగు" అని ఉన్నమాటే చెప్పండి. మీ మనసుకూ బరువు తగ్గుతుంది.

జై భీమ్. నమో బుద్ధాయ.