మరి నేర్పేవాడు ఎక్కడ కూర్చుంటాడు?

మా పెద్దమ్మ కూతురు చికాగో దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. రెండేళ్ల క్రితం అక్కడే ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకుంది. అమెరికాలో ఆ లైసెన్స్‌కి మామూలుగా కనీసం 40 గంటలు ఎగరాలి. ఈ ఫిబ్రవరికి అక్క లాగ్‌బుక్‌లో 112 గంటలు ఉన్నాయి, అన్నీ సెస్నా 172లోనే. వినడానికి ఎక్కువే అనిపిస్తుంది గానీ పైలట్ల లెక్కలో ఇది చాలా తక్కువ. లో-టైమ్ పైలట్ అంటారు. బండి మీద "ఎల్" అక్షరం చెరిపేసిన మొదటి నెల ఎలా ఉంటామో గుర్తు తెచ్చుకోండి, ఆ స్టేజి అన్నమాట.

పోయిన జూలైలో అక్క విస్కాన్సిన్‌లోని ఓష్కోష్ వెళ్లింది. సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం ఒకటుంది, పేరు ఈఏఏ. 1953లో పాల్ పోబెరెజ్నీ అనే ఆయన మొదలుపెట్టారు. ఏటా ఓష్కోష్‌లో వాళ్ల పెద్ద జాతర జరుగుతుంది. అక్కడ అక్క ఒక బుల్లి బైప్లేన్ చూసింది. ఆ రాత్రే నాకు ఫోటో పెట్టి "ఒరేయ్, ఇది కొంటా" అంది.

ఆ విమానం పేరు పిట్స్ స్పెషల్. కర్టిస్ పిట్స్ డిజైన్, మొదటిది 1940లలో ఎగిరింది. ఒకే సీటు ఉండే ఎస్-1 రెక్కల వెడల్పు సుమారు 17 అడుగులే, సెస్నా 172కి 36. ఖాళీ విమానం రెండు బుల్లెట్ బండ్లంత బరువు కూడా ఉండదు. బెట్టీ స్కెల్టన్ అనే అమ్మాయి ఇలాంటి ఎర్ర-తెలుపు పిట్స్‌తోనే ఏరోబాటిక్స్‌లో పేరు తెచ్చుకుంది. ఆ విమానం ఇప్పుడు వాషింగ్టన్ దగ్గర స్మిత్‌సోనియన్ మ్యూజియంలో తలకిందులుగా వేలాడుతోంది. అది చూశాక ఎవరికైనా కొనాలనే అనిపిస్తుంది. నాకూ అనిపించింది, నా అకౌంట్‌లో మెస్ బిల్లుకి కూడా డబ్బుల్లేకపోయినా.

హోమ్‌బిల్ట్ అంటే నిజంగా ఇంట్లో, గ్యారేజీలో కట్టినదే. సగానికి పైగా పని సరదా కోసమో నేర్చుకోవడం కోసమో మామూలు మనుషులే చేశారని చూపిస్తే, అక్కడి ఎఫ్ఏఏ దానికి ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్-బిల్ట్ అనే సర్టిఫికెట్ ఇస్తుంది. కట్టేంత ఓపిక అక్కకి లేదు. ఎవరో కట్టింది సెకండ్ హ్యాండ్‌లో కొనాలని ప్లాన్. ఏది కొనాలో తేల్చే పని నాకిచ్చింది. సీఎస్ఈ వాడిని కదా, వెంటనే స్ప్రెడ్‌షీట్ తెరిచా. ధర, పైకి ఎక్కే వేగం, ఏరోబాటిక్స్, సీట్లు, ఆయిల్-పెట్రోల్ ఖర్చు, అందం (అక్క పట్టుబట్టింది)... ఒక్కోదానికీ వెయిటేజి ఇచ్చి లెక్క కట్టా. పిట్స్ ఎస్-1 ఫస్ట్ వచ్చింది. అక్క ఖుషీ.

రెండ్రోజుల తర్వాత రాత్రి పదకొండింటికి బావ ఫోన్ చేశాడు. బావకి విమానాలంటే పడదు, విండో సీటు కూడా తీసుకోడు.

"ఏరా బామ్మర్దీ, నీ షీట్‌లో ఫస్ట్ వచ్చినదానికి సీటు ఒక్కటేనటగా?"

"అవును బావా. సీట్లకి వెయిటేజి తక్కువిచ్చా."

"మరి నేర్పేవాడు ఎక్కడ కూర్చుంటాడు?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు కూడా. ఎందుకంటే నా షీట్‌లో విమానాలకి ఆరు కాలమ్స్ ఉన్నాయి, అక్కకి ఒక్క కాలమ్ కూడా లేదు. పైలట్‌ని నేను కాన్‌స్టాంట్ అనుకున్నా. అక్కడి నుంచి అసలు చదవడం మొదలుపెట్టా.

ముందు చక్రాల సంగతి. సెస్నా 172కి ముక్కు కింద ఒక చక్రం, వెనక రెండు, మన ఆటోలాగా. ఈ బైప్లేన్లకి దాదాపు అన్నిటికీ ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం. దీన్ని టెయిల్‌వీల్ అంటారు. అర్థం కావాలంటే ఆటోని అరవై స్పీడులో రివర్స్‌లో నడుపుతున్నట్టు ఊహించుకోండి. రెండు చక్రాలు ముందు, తిరిగే చక్రం వెనక.

ఫిజిక్స్ ఇంటర్‌లో చదివినదే. ఆటోలో బరువు కేంద్రం రెండు పెద్ద చక్రాల కంటే ముందుంటుంది. బండి కాస్త పక్కకి తిరిగితే టైర్ల రాపిడి వెనక నుంచి పట్టి దాన్ని మళ్లీ తిన్నగా లాగుతుంది. టెయిల్‌వీల్‌లో బరువు కేంద్రం పెద్ద చక్రాల వెనక ఉంటుంది. ముక్కు రెండు డిగ్రీలు పక్కకి జరిగితే అదే రాపిడి ఇంకా తిప్పుతుంది, తిరిగినకొద్దీ ఇంకా గట్టిగా తిప్పుతుంది. పాజిటివ్ ఫీడ్‌బ్యాక్. పైలట్ కాళ్లతో రడ్డర్ పెడల్స్ మీద అప్పటికప్పుడు సరిచేయకపోతే విమానం గిర్రున తన చుట్టూ తానే తిరిగిపోతుంది. దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు. కింది రెక్క కొస నేలకి గీసుకుంటుంది, చక్రాల కాళ్లు విరగొచ్చు. ఇదంతా గాల్లో కాదు, దిగేశాం అని మనసు రిలాక్స్ అయ్యాక.

పిట్స్‌కి ఇంకో చిక్కుంది. ముందు చక్రాలకీ తోకకీ మధ్య దూరం బాగా తక్కువ. పొడుగు కర్రని అరచేతిలో నిలబెట్టడం తేలిక, పెన్సిల్‌ని నిలబెట్టడం కష్టం. రెండూ పడేవే, కానీ పెన్సిల్ మనకి టైమ్ ఇవ్వదు. పైగా దిగేటప్పుడు ముక్కు పైకి లేచి ఉండటంతో ఎదురుగా రన్‌వే కనపడదు, రెండు పక్కల అంచులు చూసి తిన్నగా ఉన్నామో లేదో తెలుసుకోవాలి. ఈ మొదటి దిగుడు ఒక్క సీటు విమానంలో ఎవరికైనా ఒంటరిగానే. పక్కనుండి "కుడి కాలు, కుడి కాలు" అని అరిచేవాళ్లు ఉండరు. నేను ల్యాప్‌టాప్ సిమ్యులేటర్‌లో 20 సార్లు దింపా. 13 సార్లు గడ్డిలోకే. కీబోర్డుతో రడ్డర్ కాబట్టి ఆ లెక్కని సీరియస్‌గా తీసుకోవద్దు, కానీ అక్కకి స్క్రీన్‌షాట్ పంపా.

తనకి కోపం వచ్చింది. "బావ చెప్పమన్నాడా?" అని అడిగింది. అవునని చెప్పా. నాలుగు రోజులు మెసేజ్ చూసి వదిలేసింది.

ఇక రెండు జతల రెక్కలు. 1896లో ఆక్టేవ్ షనూట్ తన గ్లైడర్‌కి రెండు రెక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యలో నిలువు కర్రలు, ఏటవాలు తీగలు బిగించాడు. ఆయన రైలు వంతెనలు కట్టిన ఇంజినీర్. ఆ అమరిక వంతెనల ట్రస్సే. సివిల్ వాళ్లూ, కాలర్ ఎగరేసుకోండి. రైట్ సోదరులు కూడా అదే పద్ధతి పట్టుకున్నారు. లాభం ఏంటంటే తక్కువ బరువులో గట్టి రెక్క, అదీ పొట్టిది, కాబట్టి చటుక్కున పక్కకి దొర్లుతుంది. నష్టం ఏంటంటే ఆ తీగలూ కర్రలూ అన్నీ గాలిని ఆపుతాయి. ఇంజిన్ ఆగిపోతే సెస్నా 172 ఒక అడుగు దిగేలోపు దాదాపు తొమ్మిది అడుగులు ముందుకి సాగుతుంది. పిట్స్ అంత సాగదు, ముక్కు దించి నిటారుగా దిగిపోతుంది. 112 గంటలు సెస్నాలో అలవాటైన కళ్లకి "ఆ పొలం అందుతుంది" అనిపించే దూరం ఇక్కడ అందదు. అనుభవం తక్కువ కావడం ఒక్కటే కాదు, ఉన్న అనుభవం కూడా తప్పు చెప్తుందన్నమాట. నన్ను బాగా భయపెట్టింది ఇదే.

సెకండ్ హ్యాండ్ సంగతి మన బ్రాంచి వాళ్లకి చెప్పక్కర్లేదు. సీనియర్ వదిలేసి వెళ్లిన ప్రాజెక్ట్ కోడ్, డాక్యుమెంటేషన్ లేకుండా. ఒకే ప్లాన్‌తో ఇద్దరు కట్టినా రెండు విమానాలు ఒకేలా ఉండవు, బరువు కేంద్రం కూడా మారుతుంది. కట్టినాయన రిపేర్‌మన్ సర్టిఫికెట్ తీసుకుని ఏటా తనిఖీ తానే చేసుకోవచ్చు. కొన్నవాళ్లకి ఆ సర్టిఫికెట్ విమానంతో పాటు రాదు. గుడ్డ కింద దాగిన చెక్క దూలం కుళ్లిందా, స్టీల్ గొట్టం తుప్పు పట్టిందా అన్నది ఫోటోల్లో తెలీదు. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లో ఈ హోమ్‌బిల్ట్ ప్రమాదాల మీద ఒక స్టడీ వేసింది. 2011లో వాళ్లు చూసిన ప్రమాదాల్లో సగానికి పైగా కట్టినవాళ్ల చేతిలో ఉన్నవి కావు, కొనుక్కున్నవాళ్లవి. కొన్ని కొత్త ఓనర్ మొదటిసారి ఎగిరినప్పుడే జరిగాయి. ఈ పేరా యథాతథంగా అక్కకి పంపా. ఐదో రోజు రిప్లై వచ్చింది: "సరే, రెండు సీట్లవి చూడు."

రెండు సీట్లవాటిలో నాకు భలే నచ్చింది స్టీన్ స్కైబోల్ట్. లమార్ స్టీన్ అనే హైస్కూల్ మాస్టారు డిజైన్ చేసి, తన స్టూడెంట్లతోనే క్లాస్ ప్రాజెక్టుగా కట్టించారు. 1970లో ఎగిరింది. మనం మినీ ప్రాజెక్టుగా అటెండెన్స్ సిస్టమ్ చేస్తున్నాం, అది వేరే బాధ. స్కైబోల్ట్ గట్టిది, ఏరోబాటిక్స్ చేస్తుంది, కానీ ఇంజిన్ పెద్దది, దిగేటప్పుడు తొందర ఎక్కువ. స్టార్‌డస్టర్ టూ కాస్త పొడుగు, దూర ప్రయాణాలకి హాయి. హాట్జ్ సీబీ-1 మాత్రం వేరే రకం. విస్కాన్సిన్‌కే చెందిన జాన్ హాట్జ్ పాత వాకో బైప్లేన్ల మీద ఇష్టంతో చేసిన డిజైన్, 1968లో ఎగిరింది. చిన్న ఇంజిన్, మెల్లగా ఎగురుతుంది, మెల్లగా దిగుతుంది. నా పాత షీట్‌లో అది చివరి స్థానం. మెల్లగా దిగడాన్ని నేను మైనస్‌గా వేశా మరి.

కొత్త షీట్‌లో రెండు కాలమ్స్ పెట్టా: మొదటి పది దిగుళ్లలో పక్కన మనిషి ఉండొచ్చా, తప్పు చేస్తే సరిదిద్దుకోడానికి ఎంత టైమ్ దొరుకుతుంది. హాట్జ్ పైకి వచ్చింది. పిట్స్‌ని తీసేయలేదు. ఫ్యాక్టరీలో తయారైన రెండు సీట్ల పిట్స్ ఎస్-2లు కొన్ని ట్రైనింగ్ స్కూళ్లలో ఉంటాయి. ఆ కోరిక గంటలకి డబ్బు కట్టి, ఇన్‌స్ట్రక్టర్‌తో తీర్చుకోవచ్చు, కొనక్కర్లేదు.

ఈలోపు అక్క టెయిల్‌వీల్ ఎండార్స్‌మెంట్ కోసం ఒక పాత పైపర్ కబ్‌లో క్లాసులకి చేరింది. మొదటి రోజు మూడుసార్లు రన్‌వే పక్క గడ్డిలోకి పోబోతే ఇన్‌స్ట్రక్టర్ కాలు అడ్డం పెట్టి ఆపాడట. ఆ రాత్రి వీడియో కాల్‌లో తన కాళ్లు వణకడం చూపించింది, నవ్వుతూనే. ఇప్పటికి టెయిల్‌వీల్‌లో 14 గంటలు. ఎండార్స్‌మెంట్ మొన్న వచ్చింది.

పోయిన ఆదివారం ఒక హాట్జ్ చూడటానికి వెళ్లారు. కట్టిన తాత ఇంకా ఉన్నాడు, రెక్కలకి గుడ్డ వేయకముందు తీసిన ఫోటోలు రెండు ఆల్బమ్‌లు చూపించాడట. ఇంకా కొనలేదు, మెకానిక్ చూడాలి. బావ ఆ తెరిచిన ముందు సీటు చుట్టూ రెండుసార్లు తిరిగి, నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు: "ఏరా, నేర్పేవాడు వెళ్లిపోయాక ఈ రెండో సీట్లో ఎవరు కూర్చోవాలో నీ షీట్‌లో రాశావా?"