ట్రాక్టరు బలం - గేర్ బాక్సు ఓపిక

పత్తి ఏరడం అయిపోయాక చేలో నిలబడిన కట్టెను ఏం చేయాలన్నది మన ఊళ్ళలో ఏటా వచ్చే ప్రశ్న. వెనకటికి కూలీలు పీకి, మోపులు కట్టి పొయ్యిలోకి తెచ్చుకొనేవారు. ఇప్పుడు చాలాచోట్ల ట్రాక్టరు వెనక కట్టర్ తగిలించి, ముక్కలు చేసి భూమిలో కలిపేస్తున్నారు. గులాబీ రంగు పురుగు తర్వాతి పంటకు పాకకుండా ఉండాలంటే ఈ పని త్వరగా ముగించాలని వ్యవసాయ శాఖ వారు కూడా చెబుతున్నారు. చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ నరకడానికి, మామిడి తోటల్లో గడ్డి కోయడానికి వాడేదీ ఇదే జాతి యంత్రం. కొందరు స్లాషర్ అంటారు, కొందరు ష్రెడ్డర్ అంటారు, కొందరు బ్రష్ కట్టర్ అంటారు. భుజాన వేసుకొని గడ్డి కోసే చిన్న యంత్రానికీ ఇదే పేరుంది గానీ మేము రాస్తున్నది దాని గురించి కాదు, ట్రాక్టరుతో నడిచే పెద్దదాని గురించి.

మన హాస్టల్లో చదువుకొని ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ దారిలో వెళ్ళిన కొందరం కలిసి ఈ పాఠం రాస్తున్నాం. కారణం ఒకటే. మన ఇళ్ళలో ట్రాక్టరు అప్పు మీద వస్తుంది. కట్టర్ రాయితీ మీద వస్తుంది. ఆ రెండూ ఒకదానికొకటి సరిపోతాయా అని చూసే పని మాత్రం ఎవరిదీ కాకుండా పోతోంది. సీజన్ మధ్యలో గేర్ పళ్ళు రాలిపోతే కిరాయి ఆగిపోతుంది, కిస్తీ మాత్రం ఆగదు. ఇందులో పదో తరగతి భౌతికశాస్త్రానికి మించిన లెక్క లేదు. కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పెన్సిలు పట్టుకొని చదవండి.

1. మూడు అంకెలు, మూడు అర్థాలు

ట్రాక్టరు బానెట్ మీద, కాగితాల మీద రాసే హెచ్.పి. ఇంజనుది. ఆ బలమంతా కట్టరుకు చేరదు. ట్రాక్టరు వెనక తిరిగే పి.టి.ఓ. షాఫ్టు దాకా వచ్చేసరికి గేర్లలో, ఇతర భాగాల్లో కొంత ఖర్చయిపోతుంది. మామూలుగా 85 నుంచి 90 శాతం దాకా మిగులుతుంది. అంటే 45 హెచ్.పి. ట్రాక్టరు పి.టి.ఓ. దగ్గర 85 శాతం లెక్కన సుమారు 38 హెచ్.పి. ఇస్తుంది. ఒక్కో మోడల్‌కు కచ్చితమైన అంకె కావాలంటే మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఇచ్చే పరీక్షా నివేదికల్లో చూడవచ్చు. ఇలాంటి సంస్థే మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కూడా ఉంది. అక్కడ రైతులకు, యువకులకు యంత్రాల మీద శిక్షణ ఇస్తారు.

రెండో అంకె కట్టర్ అడిగేది. మామూలు గడ్డికి ఒక అడుగు వెడల్పుకు సుమారు 5 పి.టి.ఓ. హెచ్.పి. కావాలని ఒక మోటు లెక్క. 5 అడుగుల కట్టర్‌కు 25, 6 అడుగులదానికి 30. పత్తి కట్టెకు, తుమ్మ పొదలకు ఇంకా ఎక్కువ కావాలి.

మూడోది గేర్ బాక్సు మీద రాసినది. అది పుట్టించే బలం కాదు, అడిగే బలమూ కాదు. తట్టుకోగల బలం. చాలామంది పొరబడేది ఇక్కడే. "మా పనికి 30 చాలు, గేర్ బాక్సు 35 ఉంది కదా" అనుకుంటారు. కానీ కత్తి మొద్దుకు తగిలి ఆగబోయినప్పుడు ట్రాక్టరు మన పనికి ఎంత కావాలో ఆలోచించదు. తన దగ్గర ఉన్నదంతా తోస్తుంది. అందుకే గేర్ బాక్సు ఓపికను పనితో కాదు, ట్రాక్టరు పి.టి.ఓ. బలంతో పోల్చాలి.

2. పళ్ళు విరిచేది టార్క్

గేర్ పన్నును విరిచేది సామర్థ్యం కాదు, మెలితిప్పే బలం. దాన్నే టార్క్ అంటాం. సూత్రం ఇది:

టార్క్ (న్యూటన్ మీటర్లు) = కిలోవాట్లు × 9549 ÷ ఆర్.పి.ఎం.

60,000ను 'పై' విలువకు రెట్టింపుతో భాగిస్తే 9549 వస్తుంది. చేసి చూడండి. 1 హెచ్.పి. అంటే 0.746 కిలోవాట్లు. మన ట్రాక్టర్ల పి.టి.ఓ. సాధారణ వేగం నిమిషానికి 540 చుట్లు. ఈ అంకెలు సూత్రంలో వేస్తే 540 వేగం దగ్గర ప్రతి హెచ్.పి.కి 13.2 న్యూటన్ మీటర్ల టార్క్ వస్తుంది. ఈ 13.2 ఒక్కటి గుర్తుంటే చాలు.

45 హెచ్.పి. ట్రాక్టరు: పి.టి.ఓ. 38 హెచ్.పి. టార్క్ 38 × 13.2 = సుమారు 502.
55 హెచ్.పి. ట్రాక్టరు: పి.టి.ఓ. 47 హెచ్.పి. టార్క్ 47 × 13.2 = సుమారు 620.
540 దగ్గర 40 హెచ్.పి. అని రాసిన గేర్ బాక్సు: 40 × 13.2 = 528.

ఒక మీటరు పొడవు కడ్డీ చివర 50 కిలోల సిమెంటు బస్తా వేలాడదీస్తే పడే మెలిక సుమారు 490. కాబట్టి 45 హెచ్.పి. ట్రాక్టరు ఆ చిన్న గేర్ల మీద ఒక సిమెంటు బస్తా బరువు వేలాడదీసినట్టే. ఈ గేర్ బాక్సు దాన్ని మోస్తుంది. అదే గేర్ బాక్సును 55 హెచ్.పి. ట్రాక్టరుకు తగిలిస్తే 528 మోసేదాని మీద 620 పడుతుంది. మెత్తటి గడ్డిలో కొన్నాళ్ళు నడుస్తుంది. మొదటి తుమ్మ మొద్దు దగ్గర సంగతి తేలుతుంది.

3. హెచ్.పి. పక్కన వేగం లేకపోతే అది సగం అంకె

గేర్ బాక్సు ప్లేటు మీద "60 హెచ్.పి." అని పెద్దగా ఉంటుంది. పక్కన చిన్న అక్షరాలతో "1000 ఆర్.పి.ఎం." అని ఉండవచ్చు. ఆ చిన్న అక్షరాల్లోనే అసలు విషయం ఉంది. అదే టార్క్‌ను తక్కువ వేగంతో తిప్పితే హెచ్.పి. తగ్గుతుంది. 60 × 540 ÷ 1000 = 32.4. అంటే మన 540 పి.టి.ఓ. మీద అది 32 హెచ్.పి. గేర్ బాక్సు మాత్రమే. 38 ఇచ్చే ట్రాక్టరుకు అది చాలదు. పెద్ద అంకె చూసి కొన్నవాళ్ళు "నాసిరకం సరుకు" అని తిట్టుకుంటారు. చాలాసార్లు సరుకులో లోపం లేదు, ప్లేటును సగమే చదివారు.

దీనికి తిరకాసు కూడా ఉంది. 540 కోసం చేసిన కట్టర్‌ను 1000 పి.టి.ఓ.కు ఎప్పుడూ తగిలించకూడదు. ఈ గేర్ బాక్సులు వేగాన్ని పెంచుతాయి. 1:1.47 నిష్పత్తి ఉన్నదైతే 540 వేగం 794 అవుతుంది. కత్తుల కొసలు తిరిగే వృత్తం వ్యాసం ఒకటిన్నర మీటర్లయితే కొస వేగం సెకనుకు 62 మీటర్లు, గంటకు 224 కిలోమీటర్లు. 1000 మీద నడిపితే వేగం దాదాపు 1.85 రెట్లు, గతిశక్తి మూడు రెట్లకు పైన. కత్తి ఊడితే అడ్డేది ఏదీ ఉండదు.

4. డీజిలు ఆదా అని వేగం తగ్గిస్తే

కొందరు డ్రైవర్లు డీజిలు కలిసొస్తుందని పి.టి.ఓ. వేగాన్ని 400కు దించి నడుపుతారు. వేగం నాలుగో వంతు తగ్గితే కత్తుల్లో నిలవ ఉండే గతిశక్తి దాదాపు సగానికి పడిపోతుంది. అప్పుడు కత్తి కట్టెను కోయలేక గుద్దుతుంది. డీజిలు ఇంజను వేగం తగ్గినప్పుడు టార్క్ కొంత పెరుగుతుంది కూడా. ఆ దెబ్బలన్నీ గేర్ల మీదే. కట్టె చిక్కగా ఉంటే తగ్గించాల్సింది పి.టి.ఓ. వేగం కాదు, ట్రాక్టరు నడక. చిన్న గేరులో మెల్లగా వెళ్ళాలి.

5. తెగాల్సింది బోల్టు

ఎంత లెక్క చూసినా మొద్దుకు, రాయికి తగిలిన క్షణంలో టార్క్ మామూలు కంటే బాగా ఎగురుతుంది. అందుకే షాఫ్టు దగ్గర షియర్ బోల్టు గానీ, జారే క్లచ్ గానీ పెడతారు. బోల్టు తెగి గేర్ బాక్సును కాపాడుతుంది. మాటిమాటికీ తెగుతోందని దాని స్థానంలో గట్టి బోల్టు వేస్తే, తర్వాత తెగేది గేరు. కంపెనీ చెప్పిన రకం బోల్టులే నాలుగైదు టూల్ బాక్సులో ఉంచుకోవాలి. జారే క్లచ్ ఉంటే వాన కాలంలో పళ్ళేలు తుప్పుపట్టి అతుక్కుంటాయి. సీజన్ ముందు స్ప్రింగుల బోల్టులు వదులు చేసి, ఒకసారి జారనిచ్చి, మళ్ళీ చెప్పిన కొలతకు బిగించాలి. గేర్ ఆయిలు మట్టం వారం వారం చూడాలి. సీలు దగ్గర తడి కనిపిస్తే ఆగి సరిచేయించాలి.

6. ఇనుము విరిగితే అతకవచ్చు

540 అంటే సెకనుకు 9 చుట్లు. 35 మిల్లీమీటర్ల మందం ఉన్న పి.టి.ఓ. షాఫ్టు చుట్టుకొలత 11 సెంటీమీటర్లు. 9తో గుణించండి. సెకనుకు ఒక మీటరు గుడ్డను అది చుట్టుకొంటుంది. లుంగీ, తువ్వాలు, చీర కొంగు, చున్నీ ఏదైనా ఒకటే. మనిషి అరిచేలోగా అయిపోతుంది. కాబట్టి షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు లేకుండా నడపవద్దు. కత్తికి చిక్కిన తీగ తీయాలంటే పి.టి.ఓ. ఆపి, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకొని, కత్తులు పూర్తిగా నిలిచాకే దగ్గరికి పోవాలి. కట్టర్ నడుస్తుంటే వెనక, పక్కన పిల్లలు నిలబడకూడదు. రాయి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

అభ్యాసం

50 హెచ్.పి. ట్రాక్టరు, పి.టి.ఓ. దగ్గర 85 శాతం. కట్టర్ ప్లేటు మీద 75 హెచ్.పి., 1000 ఆర్.పి.ఎం. అని ఉంది. 540 పి.టి.ఓ. మీద నడపవచ్చా?

జవాబు: ట్రాక్టరు ఇచ్చేది 42.5. గేర్ బాక్సు 540 దగ్గర మోసేది 75 × 540 ÷ 1000 = 40.5. నడపకూడదు. ఇంకా పెద్ద గేర్ బాక్సు ఉన్న కట్టర్ చూసుకోవాలి.

చివరగా ఒక మాట. మనలో చాలామంది ఇళ్ళలో ఆ ప్లేటు మీది అక్షరాలు చదవగలిగే మొదటి మనిషి మనమే. నాన్న, మామయ్య, అన్న ఆ యంత్రం మీద ఏళ్ళుగా పని చేసి ఉంటారు. మట్టి, మొద్దు, శబ్దం వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు. ఆ ప్లేటు సంగతి మాత్రం మనం చెప్పగలం. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు గేర్ బాక్సు మీది మసి గుడ్డతో తుడవండి. హెచ్.పి., దాని పక్కన ఆర్.పి.ఎం., ఈ రెండూ నోటుబుక్కులో రాసుకోండి. లెక్క కట్టి, కట్టర్ కొనకముందే ఇంట్లో వాళ్ళకు చెప్పండి.