నడుం నొప్పికి ధ్యానమా, ఫిజియోథెరపీనా?



ప్రాణాయామం వీడియో పెట్టినప్పటి నుంచి రెండు ప్రశ్నలు పదేపదే వస్తున్నాయి. ఒకటి: "ఏడాదిగా నడుం నొప్పి. రోజూ ధ్యానం చేస్తే ఫిజియోథెరపీ మానేయొచ్చా?" రెండోది: "పూజ, జపం అన్నీ చేస్తున్నా నొప్పి పోవట్లేదు. నా భక్తిలోనే లోపం ఉందా?"

రెండోదానికి ముందు జవాబు చెప్తాను. లేదు. నొప్పి శిక్ష కాదు, భక్తికి కొలత కూడా కాదు. నేనూ రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చునే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్నే. రెండేళ్లుగా నడుం నొప్పి ఉంది. ఇంట్లో వ్రతం జరుగుతుంటే కథ అయ్యేదాకా పీట మీద కూర్చోలేక కుర్చీ తెచ్చుకున్న రోజులున్నాయి. నేను డాక్టర్ని కాదు. చదివి, చేసి తెలుసుకున్నది మాత్రమే చెప్తున్నాను.

అలారం ఎందుకు ఆగదు?

దెబ్బ తగిలితే నొప్పి వస్తుంది, గాయం మానితే పోతుంది. మూడు నెలలు దాటినా పోకపోతే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. అప్పుడు నొప్పి ఎంత ఉంటే లోపల దెబ్బ కూడా అంతే ఉందని అనుకోలేం. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, మానిటరింగ్‌లో థ్రెషోల్డ్ మరీ తక్కువ పెడితే సర్వర్ బాగానే ఉన్నా అలర్ట్ మోగుతూనే ఉంటుంది. మన నరాల వ్యవస్థ కూడా అలా అతిసున్నితంగా మారొచ్చు. అయినా నొప్పి నిజమే. "అంతా నీ మనసులోనే ఉంది" అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

స్కాన్ రిపోర్టులో 'డిస్క్ బల్జ్' అని చూడగానే గుండె జారిపోతుంది కదా? 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, నొప్పి అసలు లేని ఇరవై ఏళ్ల వాళ్లలోనూ దాదాపు 30 శాతం మందికి అది కనిపిస్తుంది. ఎనభై ఏళ్ల వాళ్లలో 84 శాతం మందికి. కానీ ఆ మాటకి భయపడి మనం వంగడం మానేస్తాం. కదలిక తగ్గి కండరాలు బలహీనపడతాయి. దిగులుతో నిద్ర పట్టదు. నిద్ర లేకపోతే నొప్పి ఇంకా పెరుగుతుంది. ఈ చక్రంలో శరీరమూ ఉంది, మనసూ ఉంది. అందుకే ఒక్క వైపు నుంచే పట్టుకుంటే చాలామందికి చాలదు.

పరిశోధనలు ఏమంటున్నాయి?

1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో ధ్యాన శిక్షణ మొదలుపెట్టారు. దాని మీద 2016లో 342 మంది నడుం నొప్పి బాధితులతో ఒక అధ్యయనం వచ్చింది. 26 వారాల తర్వాత చూస్తే, ఆ శిక్షణ తీసుకున్నవాళ్లలో సుమారు 60 శాతం మందికి రోజువారీ పనులు చేసుకోవడం చెప్పుకోదగ్గంత తేలికైంది. మామూలు వైద్యంతోనే ఉన్నవాళ్లలో అది 44 శాతం. అంటే ధ్యానం పని చేస్తుంది, కానీ పదిమందిలో నలుగురికి సరిపోలేదు. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ కూడా దీర్ఘకాలిక నడుం నొప్పికి మందుల కంటే ముందు వ్యాయామం, యోగా, ధ్యానం లాంటివి ప్రయత్నించమని సూచించింది.

రెండూ కలిపి చేయడం ఎలా?

1. ముందు శ్వాస. వ్యాయామానికి ముందు ఐదు నిమిషాలు నెమ్మదిగా శ్వాస. పీల్చేదాని కంటే వదిలేది కాస్త ఎక్కువసేపు.

2. కదలికలోనూ అదే శ్వాస. ఫిజియో నేర్పిన బ్రిడ్జ్, మన సేతుబంధాసనం దాదాపు ఒకటే. నడుం పైకెత్తి నాలుగైదు శ్వాసలు ఆగుతాను. సెకన్లకి బదులు నామం లెక్కపెడతాను. ఇది నా అలవాటు మాత్రమే, ఏ అధ్యయనమూ చెప్పింది కాదు. ఊపిరి బిగబట్టాల్సి వస్తోందంటే బలం ఎక్కువ పెడుతున్నట్టే.

3. మితం. పదిహేను నిమిషాల నడకకి నొప్పి మొదలైతే పది నిమిషాలతో మొదలుపెట్టండి. కొన్ని రోజులకి ఒక నిమిషం పెంచండి. బాగున్న రోజు గంట నడిచేసి, మర్నాడు మంచం పట్టొద్దు. తిండి, నిద్ర, పని మితంగా ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని తీరుస్తుందని గీత ఆరో అధ్యాయం చెప్పేది ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది.

4. ఒక లక్ష్యం. నాది అలిపిరి నుంచి తిరుమలకి నడిచి వెళ్లడం, 3,550 మెట్లు. ఫిజియోకి చెప్తే, అపార్ట్‌మెంట్ మెట్లు రెండంతస్తులతో మొదలుపెట్టించారు. ఇప్పుడు ఎనిమిది ఎక్కుతున్నాను. నొప్పి పూర్తిగా పోలేదు. మెట్లంటే భయం పోయింది.

ఆలస్యం చేయకూడనివి

మూత్రం లేదా మలం మీద పట్టు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, కాలు బలహీనపడటం, జ్వరంతో నడుం నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, కింద పడ్డాక మొదలైన నొప్పి. వీటిలో ఏది ఉన్నా ధ్యానంతో సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మొదటి రెండూ అయితే అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకే.

ఈ వారం ఒక పని చేయండి. భయంతో మీరు మానేసిన కదలిక ఒకటి కాగితం మీద రాసుకుని మీ ఫిజియోకి చూపించండి. దాన్ని ఎంత చిన్నగా మొదలుపెట్టొచ్చో అడగండి. ఆ చిన్న మొదలు రోజూ శ్వాసతో కలిపి చేయండి.

శుభం.